తోట సందేహాలు: ఎండితే ఎంత, తడిస్తే ఎంత

వానాకాలం దగ్గర పడుతుంటే మిద్దె తోటల వాళ్లకు ఒకటే టెన్షన్, స్లాబు మోస్తుందా మోయదా అని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మట్టి బరువు గురించే ఉన్నాయి. నేను నీటిపారుదల శాఖ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ని. చెరువు కట్ట మీద పోసిన మట్టి సరిగ్గా గట్టిపడిందో లేదో తూచి చెప్పడమే మా పని. అందుకే కాబోలు, ఎడిటర్ గారు ఆ ఉత్తరాలన్నీ ఒక కట్ట కట్టి హనుమకొండకు నా పేర పంపేశారు.

ప్రశ్న: సార్, మాది కూకట్‌పల్లిలో రెండంతస్తుల సొంతిల్లు. కట్టి 20 ఏళ్లయింది. 600 చదరపు అడుగుల మిద్దె మీద 15 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గ్రో బ్యాగులు 40, నిలువునా కోసిన నీలం డ్రమ్ముల చెక్కలు 6 ఉన్నాయి. బొప్పాయి, మునగ కోసం మధ్యలో ఇటుకలతో 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు మడి కట్టిద్దామనుకుంటున్నాను. మా వారేమో “ఇల్లు కూలుస్తావా ఏంటి” అంటున్నారు. బ్యాగుకు 15 కిలోల మట్టే పడుతుందని అమ్మినతను చెప్పాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బ్యాగుల విషయంలో మీదే రైటమ్మా. మడి విషయంలో మాత్రం మీ వారిది. అమ్మినతని మాట పక్కన పెట్టండి. పొడి కోకోపీటూ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీ కంపోస్టూ మాత్రమే నింపితే 15 కిలోలు రావచ్చేమో గానీ, తడిసిన మట్టికి ఆ లెక్క ఏ మూలకూ చాలదు.

ముందు బ్యాగులో ఎన్ని లీటర్లు పడుతుందో చూద్దాం. గుండ్రటి కుండీ ఏదైనా సరే, వెడల్పును అంగుళాల్లో కొలిచి దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని మట్టి ఎత్తుతో గుణించి 78తో భాగించండి. లీటర్లు వస్తాయి. పైన రెండు అంగుళాలు ఖాళీ వదులుతారు కాబట్టి మీ బ్యాగులో మట్టి ఎత్తు 10 అంగుళాలు. 15 × 15 × 10 ÷ 78 అంటే దాదాపు 29 లీటర్లు.

ఇక లీటరు మట్టి ఎన్ని కిలోలు? ఇక్కడే అందరూ పుస్తకంలోని అంకె ఒకటి పట్టుకుని కాకి లెక్కలు వేస్తారు. మీ మట్టి బరువు మీ మట్టినే అడగాలి. ఒక పాత ప్లాస్టిక్ బకెట్ తీసుకుని లీటరు సీసాతో పది సార్లు నీళ్లు పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మార్కరుతో గీత పెట్టండి. గీత పెట్టాకే అడుగున చిల్లులు పెట్టాలి సుమా. ముందే పెడితే నీళ్లు ఆగవు. ఇప్పుడు మీరు వాడే మిశ్రమాన్నే నింపండి. బకెట్‌ను జానెడు ఎత్తు లేపి రెండు మూడు సార్లు నేల మీద దబ్‌మని దించండి, మట్టి కుదురుకుంటుంది. తగ్గినంత మళ్లీ గీత దాకా నింపి, ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషను మీద పెట్టండి. బకెట్ బరువు తీసేస్తే పొడి తూకం. తర్వాత అడుగున కారేదాకా నీళ్లు పోసి, అరగంట ఆగి, చుక్కలు పడటం తగ్గాక మళ్లీ తూచండి. మిద్దె మోసేది ఈ రెండో తూకాన్నే. వచ్చిన కిలోలను 10తో భాగిస్తే మీ లీటరు బరువు చేతికొస్తుంది.

మా ఇంట్లో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీటు సమపాళ్లలో కలుపుతాం. ఆ మిశ్రమం 10 లీటర్లు పొడిగా 8 కిలోలు, తడిశాక పదమూడున్నర తూగింది. వట్టి ఎర్రమట్టి పొడిగానే 13, తడిస్తే 18. మీదీ మా మిశ్రమం లాంటిదే అనుకుంటే ఒక్కో బ్యాగు 29 × 1.35, అంటే 39 కిలోలు. వట్టి ఎర్రమట్టి నింపి ఉంటే 52. మిశ్రమం లెక్కనే 40 బ్యాగులకు 1,560 కిలోలు. డ్రమ్ము చెక్కలో 85 లీటర్ల దాకా మట్టి పడుతుంది. ఒక్కోటి 115 కిలోల చొప్పున ఆరింటికి 690. అంతా కలిపి 2,250 కిలోలు.

రెండు టన్నులు దాటిందని కంగారు పడకండి. 600 చదరపు అడుగులంటే 55.7 చదరపు మీటర్లు. సగటున చదరపు మీటరుకు 40 కిలోలే. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు స్లాబు సొంత బరువు కాక చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు మోసేలా డిజైన్ చేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. ఆ 150లోనే మీ కుండీలూ, మీరూ, పండగకు పైకెక్కే చుట్టాలూ అంతా సర్దుకోవాలి. పైగా ఆ ప్రమాణం పాటించి కట్టిన ఇంటి మాట అది. మేస్త్రీ నోటి లెక్కతో కట్టిన ఇళ్లు మన దగ్గర తక్కువేం లేవు.

అయితే సగటు చూసి మురిసిపోకూడదు. బ్యాగులన్నీ ఒకదానికొకటి ఆనించి ఒకే గది నెత్తిన పేరిస్తే అక్కడ చదరపు మీటరుకు 270 కిలోల దాకా పడుతుంది. వరసకూ వరసకూ మధ్య మనిషి నడిచే దారి వదలండి. డ్రమ్ము చెక్కలను నడిమధ్యన కాకుండా కింద గోడలూ బీములూ వెళ్లే చోట పెట్టండి. కింది అంతస్తులోకి వెళ్లి తలెత్తి చూస్తే బీములు ఎక్కడున్నాయో తెలుస్తుంది. సజ్జ మీదా, బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ అంచునా ఏదీ పెట్టొద్దు.

మడి సంగతి. అడుగున్నర లోతు తడి మిశ్రమమంటే చదరపు మీటరుకు 617 కిలోలు. ఎర్రమట్టి అయితే 820 దాటుతుంది. ఇటుక గోడల బరువు ఇంకా కలపలేదు. మీ స్లాబు 5 అంగుళాల మందముంటే దాని సొంత బరువే చదరపు మీటరుకు సుమారు 317 కిలోలు. దాని నెత్తిన, అదీ మధ్యలో, అంతకు దాదాపు రెట్టింపు పెడతానంటున్నారు. వద్దమ్మా. బొప్పాయిని గోడ వారనున్న డ్రమ్ములో పెంచుకోండి. మునగను కింద నేలలో వెయ్యండి. 20 ఏళ్ల ఇల్లంటున్నారు కాబట్టి కింద సీలింగుకు తుప్పు మరకలు గానీ, పెచ్చులు ఊడటం గానీ కనిపిస్తే, ఉన్న బ్యాగుల గురించి కూడా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించాకే ముందుకెళ్లండి.

ఇంకొక్క మాట. స్లాబు మీద సెంటీమీటరు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 10 కిలోలు అదనం. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజు ఎండుటాకులూ కోకోపీటూ అడ్డుపడి నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే, జానెడులో సగం నీళ్లు నిలిచినా వంద కిలోలు. మట్టి తూకం వేసుకున్నంత శ్రద్ధగా ఆ గొట్టం నోటికి జాలీ బిగించండి.

ప్రశ్న: పెరట్లో పోయించడానికి ఒక ట్రక్కు ఎర్రమట్టి తెప్పించాను. 90 ఘనపుటడుగులని డబ్బులు తీసుకున్నాడు. కుప్ప చూస్తే అంత ఉన్నట్టు లేదు. కుప్పను కొలిచే ఉపాయం ఉందా? ఈసారి కాటా పెట్టించి కిలోల లెక్కన తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉంది. కుప్ప చుట్టూ తాడు తిప్పి అడుగుల్లో కొలవండి. కుప్ప పక్కన ఒక కర్ర నిలబెట్టి, కొస మీంచి దాని దాకా ఇంకో కర్ర అడ్డంగా పట్టుకుంటే ఎత్తు తెలుస్తుంది. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, ఎత్తుతో గుణించి, 38తో భాగిస్తే ఘనపుటడుగులు. మీ కుప్ప చుట్టూ 30 అడుగులు, ఎత్తు మూడున్నర ఉందనుకోండి, 900 × 3.5 ÷ 38 అంటే 83. కుప్ప ఎప్పుడూ సరైన శంఖువులా పడదు. మూలన కొంత జారి ఉంటుంది, అడుగున కొంత అణిగి ఉంటుంది. 83 వస్తే అతణ్ని అనుమానించక్కర్లేదు. 60 వస్తే మాత్రం ఫోన్ చేసి అడగండి.

ఈసారి మట్టి దించకముందే టేపు తీసుకుని ట్రాలీ ఎక్కండి. లోపలి పొడవు 10, వెడల్పు 6, పలక ఎత్తు ఒకటిన్నర అడుగులైతే అంచు సమానంగా నింపినప్పుడు 90. లీటర్లు కావాలంటే 28.3తో గుణించుకోండి, 2,550 వస్తుంది.

కాటా మాత్రం వద్దు. వాన పడ్డ మర్నాడు తోలిన మట్టిలో నీళ్లే అయిదారు వందల కిలోలు ఉంటాయి. నీళ్లకు డబ్బు పోసినట్టే. ఇసుక సంగతి దీనికి తిరగేసి చూసుకోవాలి. ఇసుకకు కొంచెం చెమ్మ తగిలితే రేణువులు ఒకదాన్నొకటి దూరం నెట్టుకుని ఉబ్బుతాయి, నాలుగో వంతు దాకా ఎక్కువ కనిపిస్తుంది. అందుకే మట్టిని కొలత మీద, ఇసుకను కాటా మీద కొనమంటాను.

ప్రశ్న: సార్, మాది జనగామ దగ్గర ఊరు. చల్క నేల. ఎండాకాలం చెరువు పూడిక మట్టి తోలుకుందామని అనుకుంటున్న. అంగుళం మందం పరవాలంటే ఎకరానికి ఎన్ని ట్రాలీలు కావాలె? ట్రాలీ ఎంత బరువుంటది?
– ఒక రైతు

జవాబు: ఈ లెక్క మన గుంటల్లో చేస్తే నోటితోనే అయిపోతుంది తమ్ముడూ. గుంటంటే 121 చదరపు గజాలు, అంటే 1,089 చదరపు అడుగులు. అంటే 33 అడుగుల చదరం. దాని మీద అంగుళం మందం పరిస్తే 90 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. పైన తెనాలి ఆయనకు చెప్పిన ట్రాలీ కొలత కూడా అంతే. కాబట్టి గుంటకు ఒక ట్రాలీ, ఎకరానికి 40. మీ ట్రాలీ పెద్దదైతే ముందు టేపుతో కొలిచి సరిచూసుకోండి.

దించేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. పొలం అంచు నుంచి 16 అడుగులు వదిలి మొదటి కుప్ప, అక్కణ్నుంచి 33 అడుగులకొక కుప్ప. నా నడకలో పదమూడు అంగలు. ఇలా దించితే పారతో పరిచే కూలీలకు తట్టలు మోసే దూరం తగ్గుతుంది, ఒక చోట మోకాలెత్తు, ఇంకో చోట ఏమీ లేకపోవడం జరగదు. ట్రాక్టరతను తన వీలు కోసం అన్నీ గట్టు పక్కనే దించేస్తానంటాడు. ఒప్పుకోకండి.

బరువు చెరువు ఎంత ఎండిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బాగా ఎండి, పెళ్లలు పెళ్లలుగా లేచే పూడిక ట్రాలీకి మూడు టన్నుల చుట్టూ ఉంటుంది. అడుగున బురద ఆరకముందే తవ్వితే అదే ట్రాలీ నాలుగు టన్నులు దాటుతుంది. టైర్లకూ, పొలం గట్లకూ, మీ డీజిలుకూ అంతా నష్టమే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా వైపు చెరువుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. కొందరు తొందరపడి పచ్చి మట్టే తోలారు. అది గడ్డలు కట్టి, దుక్కికి లొంగకుండా ఆ ఏడు వాళ్లను ముప్పుతిప్పలు పెట్టింది. ఏప్రిల్, మే దాకా ఆగండి.

నా మాట వింటే ఎకరం మొత్తం ఒక్కసారే కప్పకండి. అంగుళమంటే వినడానికి చిన్నదే గానీ ఎకరానికి 120 టన్నుల మట్టి. చెరువులోకి ఊరి మురుగు వచ్చి కలుస్తుంటే ముందు ఒక సంచి మట్టి ల్యాబుకు పంపి, ఉప్పు ఎంతుందో చూపించుకోండి. మొదట పది గుంటలకు తోలి, ఒక పంట చూసి మిగతాది తోలుకోవచ్చు.

ప్రశ్న: కోకోపీటు బ్లాకు 5 కిలోలే కదా, అపార్టుమెంటు బాల్కనీకి అదే మేలని అందరూ అంటున్నారు. తడిస్తే ఎంత బరువవుతుంది? 10 లీటర్ల మట్టి, 10 లీటర్ల కోకోపీటు కలిపితే 20 లీటర్ల కుండీ ఎందుకు నిండడం లేదు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: బరువు తెలుసుకోవడానికి కాటాతో కూడా పనిలేదు. బ్లాకును టబ్బులో పెట్టి ఎన్ని లీటర్ల నీళ్లు పీల్చుకుందో లెక్కపెట్టుకోండి. లీటరు నీళ్లు కిలో. 30 లీటర్లు తాగితే మీ 5 కిలోల బ్లాకు 35 కిలోలు. అయినా అది అరవై డెబ్బై లీటర్ల చోటు నింపుతుంది కాబట్టి, లీటరుకు అర కిలో చొప్పునే పడింది. మట్టితో పోలిస్తే తేలికే. మేలన్న మాట నిజమే. కాకపోతే షాపులో ఎత్తి చూసిన బ్లాకు బరువును మనసులో పెట్టుకుని బాల్కనీ నింపకండి.

ఇక కుండీ నిండకపోవడం. గిద్దెడు శనగల్లో గిద్దెడు నువ్వులు పోస్తే రెండు గిద్దెలు కావు, నువ్వులు సందుల్లోకి దిగిపోతాయి. ఇక్కడా అంతే, మట్టి పొడి పీచు సందుల్లోకి జారుతుంది. నీళ్లు పోశాక ఇంకొంచెం దిగుతుంది. 20 లీటర్ల కుండీకి విడివిడిగా కొలిచి 24 లీటర్లు సిద్ధం చేసుకోండి.

ప్రశ్న: మామిడి మొక్కకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీయించాను. తీసిన మట్టి గొయ్యి కన్నా ఎక్కువ ఉంది. కూలీలు వేరే చోట మట్టి తెచ్చి కలిపారా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: వాళ్లకేం పని, పాపం! బిగుసుకుని ఉన్న నేలను గునపంతో పెళ్లగిస్తే మట్టి గుల్లబారి నాలుగో వంతు దాకా పెరుగుతుంది. పైగా ఆ గోతిలోంచి వాళ్లు పైకి విసిరింది ఒకటిన్నర టన్ను. కూలి దగ్గర బేరమాడి ఉంటే ఒకసారి ఆలోచించండి. పూడ్చేటప్పుడు గొయ్యి మీద జానెడు ఎత్తు పోగు మిగలనివ్వండి, రెండు వానలకు అది కుంగి నేల మట్టానికి వస్తుంది.

ప్రశ్న: మట్టి పరీక్షకు అర కిలో మట్టే ఇచ్చాను. కార్డులో మాత్రం హెక్టారుకు ఇన్ని కిలోల భాస్వరం అని రాశారు. అర కిలో చూసి పొలం మొత్తం ఎలా చెబుతారు? నాది రెండు సెంట్ల పెరటి తోట. నాకెలా వర్తిస్తుంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మంచి ప్రశ్న. ల్యాబులో తెలిసేది కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములు అన్నది మాత్రమే. దాన్ని పొలానికి మార్చాలంటే పొలంలో మట్టి ఎన్ని కిలోలుందో కావాలి. అందుకని పై 15 సెంటీమీటర్ల మట్టి హెక్టారుకు 22.4 లక్షల కిలోలని ఒక స్థిరమైన అంకె పెట్టుకున్నారు. కిలోకు ఒక మిల్లీగ్రాము ఉంటే హెక్టారుకు 2.24 కిలోలు. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డుల్లో హెక్టారు అంకెలు ఇలాంటి లెక్కతోనే వస్తాయి. ఎకరానికైతే ఆ మట్టి సుమారు 900 టన్నులు, సెంటుకు 9 టన్నులు. మీ రెండు సెంట్ల పెరట్లో పై ఆరంగుళాల మట్టే 18 టన్నులన్నమాట. కార్డులోని హెక్టారు అంకెను 247తో భాగిస్తే సెంటుకు ఎంతో వస్తుంది.

ఆ 22.4 లక్షలన్నది అన్ని నేలలకూ ఒకే చొక్కా తొడగడం లాంటి పనే. నల్లరేగడి అంతకన్నా తేలిక, ఇసుక నేల బరువు. మీ నేల సంగతి తెలియాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. మా ల్యాబులో అయితే ఇనుప గొట్టం నేలలోకి దిగగొట్టి తీసేవాళ్లం. మీకు ఒక పాలిథిన్ కవరు చాలు.

పెరట్లో చదునుగా ఉన్నచోట 16 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు గుండ్రటి గుంత తవ్వండి. అంచులు విరక్కుండా పాత చెంచాతో నెమ్మదిగా తీయాలి. తీసిన మట్టి ఒక్క గింజ కూడా పోకుండా బేసిన్‌లోకి ఎత్తండి. గుంతలో పలచటి కవరు పరిచి, వేళ్లతో గోడలకు అంటేలా సర్ది, లీటరు సీసాతో నేల మట్టం దాకా నీళ్లు పోయండి. మడతల కింద గాలి ఉంటే లెక్క తప్పుతుంది, కవరును కొంచెం లాగి వదలండి. ఎన్ని లీటర్లు పట్టాయో అదే ఆ గుంత పరిమాణం. ఇక మట్టిని పేపరు మీద పలచగా పరిచి ఎండబెట్టండి. అనంతపురం ఎండకు రెండు మూడు రోజులు చాలు. తర్వాత వంటింటి కాటాలో తూచండి. గుంతలో 3 లీటర్ల నీళ్లు పట్టి, ఎండిన మట్టి 4.3 కిలోలు తూగితే, లీటరుకు 1.43. కార్డు వాళ్లు అనుకున్నది ఇంచుమించు ఒకటిన్నర. కాబట్టి మీ లెక్క పెద్దగా మారదు.

మారేది మీ వైపు నేలల్లోని రాళ్ల వల్ల. ల్యాబులో 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన మట్టినే పరీక్షిస్తారు. మీరు తూచిన 4.3 కిలోల్లో గులకరాళ్లు ఒక కిలో ఉంటే మొక్క వేళ్లకు తిండి పెట్టే మట్టి 3.3 కిలోలే. గుంత మట్టిని మీరూ సన్న జల్లెడ పట్టి, రాళ్లు వేరుగా తూచి, కార్డులోని అంకెను ఆ మేరకు తగ్గించుకోండి.